మా పిన్ని చూడని సినిమా

అది మంచి సినిమాయే. ముందుగా ఆ మాట రాసేస్తున్నాను. ఇక్కడినుంచి నేను చెప్పబోయేది చదివి నాకు ఆ సినిమా నచ్చలేదని ఎవరైనా అనుకుంటే అది కూడా అబద్ధమే అవుతుంది. ఆ సినిమా చుట్టూ అప్పటికే చాలా అబద్ధాలు పోగయ్యాయి, నా వంతుగా ఇంకొకటి చేర్చలేను. సినిమా బాగుంది. సగందాకా చాలా బాగుంది. దాని గురించి ఊరంతా చేసిన హడావుడి బాగాలేదు. తెర మీద అంతమంది వీరుల్ని కుక్కడం బాగాలేదు. హాల్లో అంతమంది జనాన్ని కుక్కడం అస్సలు బాగాలేదు. ఇన్నేళ్ళయినా నాకు ఆ కోపం తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా లేదు.

ఎనభైల మొదటి సంవత్సరాల మాట. అమలాపురంలో నేనొక దినపత్రికకు విలేకరిని. విలేకరి అనగానే పెద్దగా ఊహించుకోకండి. పొద్దున్నుంచీ సైకిలు మీద తిరిగి, తెలిసిన సంగతులు తెల్లకాగితాల మీద రాసి, కవరులో పెట్టి, మధ్యాహ్నం రాజమండ్రి బస్సు డ్రైవరుగారి చేతికివ్వాలి. అక్కడితో నా పని అయిపోయినట్టే. కొబ్బరి ధర, కాలవ గట్టు తెగడం, ఐనవిల్లి గుడిలో ఉత్సవం, మామిడికుదురు వైపు గ్యాసు కోసం నేల తవ్వడానికి వచ్చిన పెద్ద పెద్ద లారీలు, ఇవీ నా వార్తలు. సినిమాలు నా పని కాదు. కానీ కొత్త సినిమా పడితే హాలువాళ్ళు ఒక కరపత్రమూ, బాల్కనీకి ఒక పాసూ తెచ్చి ఇచ్చేవారు. కరపత్రంలో ఉన్నదాన్నే కాస్త అటూ ఇటూ మార్చి నాలుగు వాక్యాలు రాసేవాణ్ణి. అందరు విలేకరులూ అలాగే చేసేవారు.

ఆ సినిమా కరపత్రం పసుపు కాగితం మీద ఎర్ర అక్షరాలతో వచ్చింది. 'ఆరుగురు అతిలోకవీరులు ఒకే తెర మీద! గాలిలో యుద్ధం! నీటిలో యుద్ధం! నిప్పుల్లో యుద్ధం! ఇటువంటి చిత్రం ఇంతవరకు రాలేదు, ఇక మీదట రాదు!' ఇప్పటి పిల్లలు సూపర్ హీరో అంటున్నారు. అప్పట్లో ఆ మాట మా ఊళ్ళో వినపడలేదు. 'ఎగిరేవాడి సినిమా' అనేవాళ్ళం. నేను కరపత్రం ముందు పెట్టుకుని రాశాను. చివర్లో 'చూసి తీరవలసిన చిత్రం' అని సొంతంగా ఒక వాక్యం కూడా చేర్చాను. అప్పటికి నేను దాన్ని చూడలేదు. ఆ హాల్లో పడనే లేదు.

హాలు ముందు ఆ వీరుడి బొమ్మను చెక్కతో చేయించి, రెండు కొబ్బరిచెట్లకి తీగ కట్టి, గాల్లో వేలాడదీశారు. నీలం దుప్పటి కప్పుకుని చేతులు చాచి ఎగురుతున్నట్టు ఉండేవాడు. గాలి తిరిగినప్పుడల్లా అతనూ తిరిగిపోయి, వీపు రోడ్డుకీ ముఖం కాలవకీ పెట్టేవాడు. అయినా జనం నిలబడి చూసేవారు. అప్పనపల్లి దర్శనానికి వచ్చిన బస్సులు తిరుగుదారిలో అక్కడ ఆగేవి. మైకు కట్టిన రిక్షా పొద్దునా సాయంత్రమూ వీధి వీధీ తిరిగేది. మంగలిషాపుల్లో, కాఫీహోటళ్ళలో, సంతలో అదే మాట. సినిమా విడుదల కాకముందే దాన్ని చూసినవాళ్ళ సంఖ్య ఎక్కువైపోయింది. మద్రాసులో చూసొచ్చేనని చెప్పుకున్న ఒకాయన అంతకుముందు రావులపాలెం వంతెన కూడా దాటి ఎరగడు. పిల్లలు మెడకు తువ్వాళ్ళు కట్టుకుని గడ్డిమేట్ల మీంచి దూకుతున్నారు.

ఆ పిల్లల వల్లే మా పిన్ని ఈ కథలోకి వచ్చింది.

పిన్ని అంటే మా అమ్మకు సొంత చెల్లెలు. ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. కానీ ఆవిడ తన గురించి తాను చెప్పుకోవలసి వస్తే ముందుగా చెప్పేది మా చర్చిలో సండే స్కూలు గురించి. పదహారేళ్ళుగా ఆ క్లాసు ఆవిడదే. మా తాత ఇతరుల పొలాల్లో కూలిపని చేస్తూనే, ఆ చర్చి కట్టేటప్పుడు ఇటుకలు మోశాడు. ఆయనకు చదువు రాదు. ఆయన మోసిన ఇటుకల గోడల మధ్య నిలబడి తన కూతురు బైబిలు పాఠం చెబుతుంటే, బయట అరుగు మీద కూర్చుని వినేవాడట. పిన్నికి పిల్లల్లేరు. భర్త పోయి చాలా కాలమైంది. జీతం వచ్చే ఉద్యోగం ఉన్నా, ఆదివారం ఉదయం ఆ నలభై నిమిషాల కోసమే ఆవిడ వారమంతా బతికేది అంటే అతిశయోక్తి కాదు. నేనూ ఆ క్లాసులో చదివినవాణ్ణే.

సినిమా పడ్డాక వచ్చిన ఆదివారం, బైబిల్లోని మహాబలుడు సమ్సోను కథ చెబుతుంటే ఒక పిల్ల లేచి అడిగిందట: "టీచరుగారండీ, సమ్సోను గొప్పాండీ, ఎగిరేవాడు గొప్పాండీ?"

"నువ్వేం చెప్పేవు పిన్నీ?" అన్నాను.

"ఎగిరేవాణ్ణి నేను చూళ్ళేదమ్మా, చూసి చెప్తాను అన్నాను. చూడకుండా ఎలా చెప్పడం?" అని నా వైపు తిరిగింది. "నీ పేపర్లో రాసేవు కదా, చూసి తీరాలని. బాగుంటుందా?"

"బాగుంటుందంటున్నారు."

"నువ్వు చూసేవా?"

"ఇంకా లేదు."

"మరెలా రాసేవురా?"

"అందరూ అలాగే రాస్తారు పిన్నీ."

"ఓహో," అంది.

మా చర్చిలో సినిమాలంటే పెద్దలకు గిట్టదు. చూసేవాళ్ళు చూస్తారు, చూసినట్టు చెప్పుకోరు. ఆ సంగతి గుర్తుచేశాను. పిన్ని నవ్వింది. "సాతాను గురించి పాఠం చెప్పడానికి సాతానుతో కూర్చుని కాఫీ తాగక్కర్లేదురా. కానీ సినిమా గురించి చెప్పాలంటే సినిమా చూడాలి కదా. రెండో శనివారం సెలవు. మేటినీకి వెళ్తాను."

నా దగ్గర పాసు ఉంది. ఒక్కరికే. అది ఆవిడకు ఇవ్వాలని నాకు తోచలేదు.

ఆ శనివారం నేను కవరు ముందే బస్సుకి ఇచ్చేసి, హాలు వెనక గేటులోంచి లోపలికి వెళ్ళి బాల్కనీలో కూర్చున్నాను. కూర్చోవడం అంటే నా కుర్చీలో సగం నాది. నడిచే దారుల్లో మడతకుర్చీలు వేశారు. వాటి మధ్య బల్లలు వేశారు. బల్లల మీద ఇద్దరు కూర్చోవలసిన చోట నలుగురు. లోపలికి రావడం అయ్యాక తలుపులకు గడియలు పెట్టారు. ఒకాయన వచ్చి నా కుర్చీ చెయ్యి మీద కూర్చుని, చాలా మర్యాదగా, "కొంచెం జరుగుతారాండీ?" అన్నాడు.

"ఎక్కడికండీ?"

"మీ లోపలికేనండీ."

నవ్వాను. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. అప్పటికే బయట ఏం జరిగిపోయిందో నాకు తెలియదు.

సినిమా మొదలైంది. ముందే చెప్పాను, మొదటి సగం బాగుందని. హీరో ఒక చిన్న ఊళ్ళో కరెంటు లైన్‌మన్. తుఫానులో స్తంభం ఎక్కితే పిడుగు పడుతుంది. చచ్చిపోవలసినవాడు లేచి ఇంటికి వెళ్తాడు. మర్నాడు ఉదయం నూతిలో నీళ్ళు తోడబోతే చేద తాడుతో పాటు గిలక, గిలకతో పాటు దాన్ని కట్టిన దుంగ ఊడి చేతిలోకి వచ్చేస్తాయి. వాళ్ళమ్మ తిడుతుంది. అతను ఆ గిలక పట్టుకుని నూతి గట్టు మీద కూర్చుని ముందు నవ్వుతాడు, తర్వాత భయపడతాడు. తలుపు వేయాలంటే భయం, గ్లాసు పట్టుకోవాలంటే భయం. మొదటిసారి ఎగిరినప్పుడు జానెడు ఎత్తు లేస్తాడు. లేచి, పడిపోతానేమోనని బట్టలారేసే తీగ పట్టుకుంటాడు. అంత బలం ఉన్న మనిషి ఒక తీగ పట్టుకుని బిక్కమొహం వేస్తే, హాల్లో అంత జనమూ ఒక్కసారి చప్పుడు లేకుండా అయిపోయారు. బలం రావడం ఎంత ఒంటరి సంగతో ఇంత తేలిగ్గా చెప్పిన సినిమాని నేను తర్వాత చూడలేదు.

ఇంటర్వెల్ తర్వాత మిగతా ఐదుగురూ దిగారు. ఒకడు నోట్లోంచి నిప్పు ఊదుతాడు. ఒకడు చేపలా ఈదుతాడు. ఒకడు కంటికి కనబడడు. ఆ కనబడనివాడికి కూడా ఒక యుగళగీతం పెట్టారు, పాపం ఆ కథానాయిక తోటంతా ఒక్కతే గంతులేసింది. ఐదోవాడి శక్తి ఏమిటో చివరిదాకా నాకు అంతుపట్టలేదు, బాగా పరుగెత్తాడు. ఆరోవాడు ఈలలు వేయించుకోవడానికి వచ్చాడు, వేయించుకుని పోయాడు. అందరికీ తలా ఒక ఫైటు, తలా ఒక ప్రతిజ్ఞ. చివరి యుద్ధంలో మన లైన్‌మన్, తన పెళ్ళి భోజనాల పంక్తిలో తనకే చోటు దొరకని పెళ్ళికొడుకులా, ఓ పక్కన నిలబడి ఉన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఒక్క మనిషి కథ అంత చక్కగా చెప్పగలిగినవాళ్ళు, అది చాలదని ఎందుకనుకున్నారు? ఆ ఐదుగురినీ ఎవరడిగారు? కరపత్రమే అడిగింది. 'ఆరుగురు' అని అచ్చేసుకోవడానికి ఆరుగురు కావాలి.

బయటికి రాగానే గేటు దగ్గర మనిషి నన్ను చూసి ముఖం దించుకున్నాడు. "మీ పిన్నిగారిని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేరండీ."

ఆ హాల్లో ఆడవాళ్ళకు టిక్కెట్లిచ్చే చోటు ఎలా ఉండేదో చెప్పాలి. ఒక మనిషి మాత్రమే పట్టే సన్నటి దారి, రెండు పక్కలా గోడలు, చివర గోడలో ఒక కన్నం. చెయ్యి లోపల పెడితే గుప్పిట్లో టిక్కెట్టు పెడతారు. అంతే, ముఖాలు కనపడవు. మామూలు రోజుల్లో ఆ కన్నంలో ఒక చెయ్యి ఉంటుంది. ఆ రోజు మూడు ఉన్నాయి.

"వెనకనుంచి తోసేరురా," అంది పిన్ని ఆసుపత్రి బల్ల మీద కూర్చుని. మణికట్టు దగ్గర కుడిచెయ్యి వాచిపోయి ఉంది. "తోస్తే అందరం ఓ పక్కకి ఒరిగిపోయేం. మిగతా రెండు చేతులూ బయటికొచ్చేసేయి. నాది రాలేదు."

డాక్టరుగారు ఎముక విరిగిందని చెప్పి సిమెంటు కట్టు వేశారు. రెండు నెలలు కదపకూడదన్నారు. కట్టు ఆరుతుంటే పిన్ని అడిగింది: "సినిమా ఎలా ఉందిరా?"

"సగం బాగుంది."

"ఏ సగం?"

"మొదటిది."

"అలాగా. అయితే ఇంటర్వెల్‌కి లేచి వచ్చేసేదాన్ని," అంది.

ఇంతవరకు జరిగింది ప్రమాదం అనుకుందాం. తర్వాత జరిగినదాన్ని ఆ పేరుతో పిలవడానికి నాకు మనసొప్పదు.

సోమవారం సాయంత్రం నేను పిన్ని ఇంట్లో ఉన్నాను. వీధి చివర్నుంచి మైకు రిక్షా వస్తోంది. "ఇంతవరకు మేం చెప్పేం! ఇప్పుడు మీ ఊరి మహిళలే చెబుతున్నారు! వినండి!" అని కేక. తర్వాత గరగరమని టేపు చప్పుడు. హాలు మేనేజరుగారి గొంతు: "అమ్మగారూ, ఎలా ఉందండీ?" ఆ వెంటనే ఒక ఆడగొంతు: "ఆయ్, బాగానే ఉందండీ. అబ్బ!"

మళ్ళీ మైకు మనిషి: "ఆ 'అబ్బ' అన్నారు చూసేరాండీ! అదండీ థ్రిల్లంటే!"

పిన్ని వీధి వైపు చూస్తూ కూర్చుండిపోయింది. "నా గొంతు అంత సన్నంగా ఉంటుందా?" అంది ముందు. తర్వాత రిక్షా మా గుమ్మం దాటాక, చాలా నెమ్మదిగా, "ఆయన నా చెయ్యి గురించి అడిగేరురా," అంది.

జరిగిందేమిటంటే, మేనేజరుగారికి మస్కట్ నుంచి బావమరిది ఒక టేపురికార్డరు తెచ్చి ఇచ్చాడు. ఉదయం ఆట చూసి వచ్చేవాళ్ళని గుమ్మంలో ఆపి, 'ఎలా ఉందండీ' అని అడిగి, జవాబులు టేపులోకి ఎక్కిస్తున్నాడు. అంతలో పిన్ని దెబ్బ తగిలి పడిపోతే, తీసుకెళ్ళి ఆయన గదిలోనే కూర్చోబెట్టారు. ఆయన భుజాన మిషను తిరుగుతుండగానే లోపలికి వచ్చి ఎలా ఉందని అడిగాడు. పిన్ని చెప్పింది.

ఆవిడ ఏం చెబుతుంది? కోనసీమలో పుట్టినవాళ్ళెవరైనా ఏం చెబుతారు? మా వైపు 'ఆయ్' అంటే అవునని కాదు, కాదని కాదు. మీ మాట విన్నాను, మీరు పెద్దవారు, మీతో నాకు పేచీ లేదు అని. చుట్టాలింట్లో కూరలో ఉప్పు ఎక్కువైనా, ఎలా ఉందండీ అంటే ఆయ్, బాగుందండీ. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా ఆయ్, బాగానే ఉందండీ. ఎదటి మనిషి ముఖం మీద బాగాలేదని అనడం మాకు చేతకాదు. అడిగినాయన కంగారు పడుతుంటే ఆయన్ని ఓదార్చడం కూడా దెబ్బ తగిలిన మనిషి పనే. మేనేజరుగారు బయటినుంచి వచ్చినవాడైతే పొరపాటనుకోవచ్చు. ఆయనది పేరూరు పక్క ఊరు. ఆయ్ అంటే ఏమిటో ఆయనకు ఉగ్గుపాలతో తెలుసు.

మర్నాడు హాలుకి వెళ్ళాను. ఆయన లేచి నిలబడి, కుర్చీ వేయించి, కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చాడు. నేను తాగలేదు.

"మా పిన్నిగారి గొంతు ఆ టేపులోంచి తీసేయించండి."

"అదేంటండీ, ఆవిడ బాగుందనే అన్నారు కదండీ. బాగాలేదని ఏం అనలేదు కదండీ."

"చెయ్యి బాగుందన్నారు."

"చెయ్యి అన్న మాట టేపులో లేదండీ," అన్నాడాయన నెమ్మదిగా. "నేనూ నాలుగుసార్లు విన్నానండీ."

"మీరు అడిగింది చెయ్యి గురించి కాదా?"

"ఎలా ఉందండీ అని అడిగేనండీ. మనం మాట్టాడేటప్పుడు ప్రతిసారీ ఏది ఎలా ఉందో చెప్తామాండీ? మీరు రాసేవారు, భాష మీకే తెలియాలి."

"అసలు ఆవిడ సినిమాయే చూడలేదండీ!"

ఆయన నవ్వాడు. మర్యాదగానే నవ్వాడు. "చూడకుండా బాగుందన్నది ఆవిడొక్కరేనాండీ? చూసి తీరవలసిన చిత్రం అని గురువారమే పేపర్లో వచ్చింది. శుక్రవారం కదండీ బొమ్మ పడింది."

లేచి వచ్చేశాను. ఆ మాట నన్ను ఇన్నేళ్ళుగా పొడుస్తూనే ఉంది. కానీ అది నిజమైనంత మాత్రాన ఆయన చేసింది ఒప్పవుతుందా? నా తప్పు చూపించి తన తప్పు దాటేసినవాణ్ణి నేను ఇంకా క్షమించలేదు.

ఆ మధ్యాహ్నం కవరులో పెద్ద వార్త పెట్టాను. ఆడవాళ్ళ టిక్కెట్ల కన్నం గురించి రాశాను. దారుల్లో వేసిన కుర్చీల గురించి, గడియ పెట్టిన తలుపుల గురించి, నిప్పంటుకుంటే ఎవరు ఎటు పోతారని రాశాను. సినిమా గురించి కూడా, ఈసారి చూసి, నిజాయితీగా రాశాను. రెండు రోజుల తర్వాత అచ్చయింది. రెండు వాక్యాలు. 'చిత్రానికి అమలాపురంలో విశేష ప్రేక్షకాదరణ లభిస్తోంది. రద్దీలో ఒక మహిళకు స్వల్పంగా గాయమైంది.' ఆ కిందే అదే సినిమా ప్రకటన, నా రెండు వాక్యాలకు పదింతలు. స్వల్పంగా అన్న మాట నేను రాయలేదు. పత్రికాఫీసులో బల్ల ముందు కూర్చున్న ఎవరో, ఎముక విరిగిన చప్పుడు వినని ఎవరో, ఆ మాట పెట్టారు. మా వృత్తిలో ఆ మాటతో ఎంతమంది నొప్పిని మేము చిన్నది చేశామో!

టేపు వారమంతా ఊళ్ళో తిరిగింది. బడిలో తోటి టీచర్లు నవ్వుతూ, "అబ్బ అన్నారటగా అండీ" అనడం మొదలుపెట్టారు. పిన్ని అందరికీ విషయం చెప్పలేక ఊరుకుంది. శనివారం నాడు చర్చినుంచి కబురు వచ్చింది, ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు ఒకసారి కలవమన్నారని.

ఆరోజు సండే స్కూలు యథాప్రకారం జరిగింది. చెయ్యి కట్టుతో ఉంటే ఎడంచేత్తో బోర్డు మీద వంకర అక్షరాలు రాసింది పిన్ని. ఆరాధన అయ్యాక నేను ఆవిడ వెంట చర్చి పక్క గదిలోకి వెళ్ళాను. అయ్యగారూ, సంఘ పెద్దల్లో ముగ్గురూ ఉన్నారు. పాస్టరుగారిని మేము అయ్యగారనే పిలుస్తాం. మెత్తటి మనిషి. మాట్లాడింది ఎక్కువగా పెద్దల్లో పెద్దాయన, తాలూకా ఆఫీసులో హెడ్‌క్లర్కుగా చేసి రిటైరైన మనిషి.

"కూర్చోండమ్మా. చెయ్యి ఎలా ఉందండీ?" అన్నారు అయ్యగారు.

ఎక్కడైనా మిషను ఉందేమోనన్నట్టు పిన్ని గది నాలుగు మూలలా చూసింది. అప్పుడు, "నొప్పిగా ఉందండీ," అంది. ఆవిడ నోట్లోంచి అలాంటి జవాబు నేను అదే మొదటిసారి వినడం.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ఊరంతా మీ గొంతు వినపడుతోందండీ. మన పిల్లలకి దేవుడి మాట చెప్పే గొంతు అది. సినిమా బాగుందని రిక్షా మీంచి వినపడితే సంఘానికి ఏం మర్యాదండీ?"

"నేను సినిమా చూళ్ళేదండీ."

"బాగుందన్నారు కదండీ మరి?"

"చెయ్యి బాగుందన్నానండీ."

"చెయ్యి విరిగింది కదండీ?"

"విరిగిందండీ."

"విరిగిన చెయ్యి బాగుందని ఎందుకన్నారండీ?"

"ఆయన కంగారు పడుతుంటే అన్నానండీ. అది అబద్ధమేనండీ. ఆ అబద్ధానికి సంఘం ముందు నిలబడి తప్పయిందని చెప్పమంటే చెప్తానండీ. సినిమాకి మాత్రం చెప్పలేనండీ."

అయ్యగారు జేబురుమాలు తీసి మూతి తుడుచుకున్నారు. నవ్వు దాచుకోవడానికే. మిగతా ఇద్దరు పెద్దలూ కూడా కాస్త కదిలారు. అక్కడితో అయిపోయేదే. పెద్దాయన కూడా చల్లబడ్డాడు. "పోనీండి. మీరు చూళ్ళేదు. ఇక మీదట చూడరు. అంతే కదండీ?"

నలుగురూ ఆవిడ వైపు చూస్తున్నారు. ఒక్క 'ఆయ్' అంటే చాలు. దానికి అర్థం ఉండనక్కర్లేదని ఆ గదిలో అందరికీ తెలుసు. ఆ 'ఆయ్' అనేసి తర్వాత వెళ్ళి సినిమా చూసినా ఎవరూ అడగరు. అలాగే బతుకుతున్నాం అందరమూ.

"చూస్తానండీ," అంది పిన్ని. "కట్టు విప్పేక చూస్తానండీ. చూసి చెప్తానని పిల్లలకి మాటిచ్చేను."

నాకు ఉండబట్టలేదు. ఆ శనివారం మేటినీకి బాల్కనీలో నా ముందు వరసలో కూర్చుని ఆరోవాడు వచ్చినప్పుడు ఈల వేసింది ఈ పెద్దాయన సొంత అల్లుడు. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాను. పిన్ని నా వైపు తిరక్కుండానే, "నువ్వుండరా," అంది. ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండవలసింది.

పెద్దాయన అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు బల్ల మీది బైబిలు వైపు చూశారు. పెద్దాయనే అన్నాడు, ఎంతో దయగా: "సరేనండీ. ఎలాగూ మీకు చెయ్యి బాగోలేదు. బోర్డు మీద రాయడం కష్టం. కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి. క్లాసు మా కోడలు చూసుకుంటుంది లెండి."

విశ్రాంతి! పదహారేళ్ళ పనిని ఒక మనిషి చేతిలోంచి లాక్కుంటూ, దానికి విశ్రాంతి అని పేరు పెట్టారు. శిక్ష అన్నా నాకు ఇంత కోపం వచ్చేది కాదు. శిక్ష అంటే కనీసం దానిమీద వాదించవచ్చు. విశ్రాంతి మీద ఎవరు వాదిస్తారు? అల్లుడి ఈలకు లేని మర్యాద సమస్య, చూడని సినిమాకు వచ్చింది. చూస్తానని నిజం చెప్పినందుకు వచ్చింది.

కొన్నాళ్ళన్నది ఎన్నాళ్ళో వాళ్ళు చెప్పలేదు. ఆ క్లాసు తిరిగి పిన్నికి రాలేదు. కట్టు విప్పేసరికి సినిమా రాజోలు వెళ్ళి, కొత్తపేట కూడా దాటిపోయింది. రీళ్ళ పెట్టెతో పాటు టేపు కూడా వెళ్ళింది. కొత్తపేటలో మా చుట్టాలు ఆ గొంతు విని గుర్తుపట్టి, "మీ పిన్నికి సినిమాలంటే అంత ఇష్టమని తెలీదురా" అన్నారు నాతో. పిన్ని ఆ సినిమా ఎప్పటికీ చూడలేదు.

క్లాసు అప్పగించిన ఆదివారం నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. పెద్దాయన కోడలు ఇరవై ఏళ్ళ అమ్మాయి, పెళ్ళై ఏడాది కాలేదు. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. నిజానికి ముఖమంతా భయమే. పిన్ని హాజరు పుస్తకం, బొమ్మల అట్టలు, సుద్దముక్కల డబ్బా ఒక్కొక్కటీ ఎడంచేత్తో తీసి ఇచ్చింది. పిల్లలు బల్లల మీద సర్దుకుంటున్నారు. వాళ్ళకి ఇంకా ఎవరూ ఏమీ చెప్పలేదు.

"ఆ చివర కూర్చున్నవాడికి ఎడం చెవి వినపడదమ్మా. కుడిపక్కనుంచి మాట్టాడండి," అంది పిన్ని. "ఆ అక్కచెల్లెళ్ళని విడివిడిగా కూర్చోబెట్టండి, లేకపోతే నవ్వుతూనే ఉంటారు. పాట అందుకునేటప్పుడు కాస్త కింద స్థాయిలో అందుకోండి, పిల్లలకి పైకి పోదు."

ఆ అమ్మాయి అన్నీ తలకెక్కించుకుంటున్నట్టు చూస్తోంది.

"ఆ నీలం గౌను పిల్ల ఉంది చూసేరా? అదేదీ అడగదు. అర్థం కాకపోయినా మీరు చెప్పిందానికల్లా బుర్రూపుతుంది. ఊపితే వదిలెయ్యకండి. దగ్గర కూర్చోబెట్టుకుని మళ్ళీ చెప్పించండి."